సర్వేపల్లి రాధాకృష్ణన్

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ (సెప్టెంబరు 5, 1888 – ఏప్రిల్ 17, 1975) తత్వవేత్త, అధ్యాపకుడు, రచయిత, స్వతంత్ర భారతదేశపు మొదటి ఉపరాష్ట్రపతి (1952–1962), రెండవ రాష్ట్రపతి (1962–1967). ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసాడు. 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషనుకు అధ్యక్షత వహించి, స్వతంత్ర భారతంలో ఉన్నత విద్య రూపురేఖలను నిర్ణయించడంలో ప్రధాన పాత్ర వహించాడు. 1929లో ఆయన గ్రంథంపై కలకత్తా హైకోర్టులో దాఖలైన గ్రంథచౌర్య వ్యాజ్యం భారతీయ విశ్వవిద్యాలయాల చరిత్రలో విస్తృతంగా చర్చించబడింది. ఆయన పుట్టినరోజును భారతదేశంలో ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటారు.

వంశం, ఇంటిపేరు

రాధాకృష్ణన్ తెలుగు బ్రాహ్మణ కుటుంబానికి చెందినవాడు. ఆయన ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం నుండి వచ్చింది. పెన్నా నదిపై నెల్లూరు, దానికి ఎగువన సంగం వద్ద కట్టిన ఆనకట్టల కాలువలతో సాగయ్యే వరిపొలాల సీమ ఇది. సర్వేపల్లి ప్రస్తుతం వెంకటాచలం మండలంలో ఉంది. ఆయన పూర్వీకులు ఈ గ్రామాన్ని విడిచి దక్షిణాన తిరుత్తణి ప్రాంతానికి వెళ్ళి స్థిరపడ్డారు. ఊరు విడిచినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచింది.

బాల్యం, విద్యాభ్యాసం

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తిరుత్తణిలో జన్మించాడు. తల్లి సీతమ్మ, తండ్రి వీరాస్వామి. తండ్రి జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఆదాయం తక్కువ, కుటుంబం పెద్దది. ప్రాథమిక విద్య తిరుత్తణిలో జరిగింది. తరువాత తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలోను, వేలూరులోని వూర్హీస్ కళాశాలలోను చదివాడు. చదువు చాలావరకు విద్యార్థి వేతనాలపైనే సాగింది. పదహారేళ్ళ వయసులో మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరాడు. ఆ రోజులలోనే ఆయనకు శివకాముతో వివాహం జరిగింది. వీరికి ఐదుగురు కుమార్తెలు, ఒక కుమారుడు. కుమారుడు సర్వేపల్లి గోపాల్ ప్రసిద్ధ చరిత్రకారుడు.

రాధాకృష్ణన్ తత్వశాస్త్రాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ శాస్త్రం మీద ముందునుంచి ఉన్న మక్కువ కాదు. ఏ విషయం తీసుకోవాలో తేల్చుకోలేని సమయంలో, అదే కళాశాలలో పట్టభద్రుడైన దగ్గరి బంధువు ఒకరు తన తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలను ఆయనకు ఇచ్చారు. తర్కం, మనస్తత్వం, నీతిశాస్త్రాలకు సంబంధించిన ఆంగ్ల గ్రంథాలు ఇంగ్లండులో అచ్చై దిగుమతి అయ్యేవి, సామాన్య కుటుంబాల విద్యార్థులకు వాటి ధర భారమే. పుస్తకాలు ఉచితంగా చేతికి రావడంతో చదవవలసిన విషయం కూడా నిర్ణయమైపోయింది. అలా అనుకోకుండా మొదలైన చదువులో ఆయన ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

వేదాంతంలో నీతికి స్థానం లేదని ఆనాటి క్రైస్తవ విద్వాంసులు కొందరు విమర్శించేవారు. ఆ విమర్శకు సమాధానంగా ఆయన ఎం.ఏ. పట్టా కోసం వేదాంత నీతిశాస్త్రంపై ఒక సిద్ధాంత వ్యాసం రాసాడు. ఆయన ఆచార్యుడైన ఎ.జి.హాగ్ స్వయంగా క్రైస్తవ వేదాంతి అయినప్పటికీ ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నాడు. 1908లో అది పుస్తకంగా వెలువడింది. అప్పటికి ఆయన వయసు ఇరవై సంవత్సరాలు.

అధ్యాపక జీవితం

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్వశాస్త్ర విభాగంలో ఉద్యోగంలో చేరాడు. విద్యార్థుల కోసం సిద్ధం చేసిన మనస్తత్వశాస్త్ర పాఠాలు 1912లో పుస్తకరూపంలో వచ్చాయి. కొంతకాలం అనంతపురం, రాజమండ్రి కళాశాలలలో కూడా పనిచేసాడు. 1918లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అదే సంవత్సరం రవీంద్రనాథ్ ఠాగూర్ తత్వంపై ఆయన రాసిన గ్రంథం ప్రచురించబడింది.

1921లో అశుతోష్ ముఖర్జీ ఆహ్వానంపై కలకత్తా విశ్వవిద్యాలయంలో ఐదవ జార్జి పేరిట ఏర్పాటైన తత్వశాస్త్ర ఆచార్య పీఠాన్ని స్వీకరించాడు. మైసూరు నుండి బయలుదేరిన రోజున విద్యార్థులు ఆయన బండిని తామే లాగి రైల్వే స్టేషనుకు తీసుకువెళ్ళారు. కలకత్తాలో ఉండగా ఆయన రాసిన ఇండియన్ ఫిలాసఫీ గ్రంథం మొదటి సంపుటం 1923లో, రెండవ సంపుటం 1927లో లండనులో వెలువడ్డాయి. జె.హెచ్.మ్యూర్‌హెడ్ సంపాదకత్వంలోని తత్వశాస్త్ర గ్రంథమాలలో జార్జ్ అలెన్ అండ్ అన్విన్ సంస్థ వీటిని ప్రచురించింది. సంస్కృతం రాని పాఠకుడు కూడా వేదకాలం నుండి వేదాంత శాఖల వరకు భారతీయ దర్శనాలను ఒకేచోట చదువుకొనే వీలు ఈ గ్రంథం కల్పించింది. 1926లో కేంబ్రిడ్జిలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య విశ్వవిద్యాలయాల సమావేశంలోను, హార్వర్డులో జరిగిన అంతర్జాతీయ తత్వశాస్త్ర మహాసభలోను కలకత్తా విశ్వవిద్యాలయం తరపున పాల్గొన్నాడు. ఆ సంవత్సరమే ఆక్స్‌ఫర్డులో ఇచ్చిన ఉపన్యాసాలు ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్ పేరుతో 1927లో వెలువడ్డాయి.

గ్రంథచౌర్య వ్యాజ్యం (1929–1933)

రాధాకృష్ణన్ కీర్తి ఇంటా బయటా పెరుగుతున్న సమయంలో ఆయన పాండిత్యానికి తీవ్రమైన పరీక్ష ఎదురైంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో జదునాథ్ సిన్హా అనే యువ పరిశోధకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పురస్కారం కోసం భారతీయ మనస్తత్వశాస్త్రంలో ప్రత్యక్ష జ్ఞానం అనే అంశంపై 1922 నుండి భాగాలుగా సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. దాని పరీక్షకులలో రాధాకృష్ణన్ ఒకడు. ఇండియన్ ఫిలాసఫీ రెండవ సంపుటం వెలువడిన తరువాత, అందులోని కొన్ని భాగాలు తన వ్యాసం నుండి తీసుకున్నవని సిన్హా ఆరోపించాడు. రామానంద చటర్జీ సంపాదకత్వంలోని మోడరన్ రివ్యూ పత్రికలో 1929 జనవరి నుండి ఆయన లేఖలు వరుసగా అచ్చయ్యాయి. రెండు రచనలలోని భాగాలను సిన్హా వాటిలో పక్కపక్కన చూపాడు.

రాధాకృష్ణన్ అదే పత్రికలో సమాధానమిచ్చాడు. ఇద్దరూ ఒకే సంస్కృత మూల గ్రంథాలను ఆధారం చేసుకున్నారని, ఒకే వాక్యాన్ని ఇద్దరు అనువదించినపుడు పోలికలు తప్పవని ఆయన వాదించాడు. సంపాదకుడు మ్యూర్‌హెడ్ అమెరికాలో ఉండటం వలన పుస్తకం అచ్చు ఆలస్యమైందని, రాతప్రతి అంతకు చాలా ముందే పూర్తయిందని కూడా తెలిపాడు. సిన్హా ఈ వాదనను అంగీకరించలేదు.

1929 ఆగస్టులో సిన్హా తన గ్రంథస్వామ్యానికి భంగం కలిగిందంటూ 20,000 రూపాయల నష్టపరిహారం కోరుతూ కలకత్తా హైకోర్టులో వ్యాజ్యం వేసాడు. మరుసటి నెలలో రాధాకృష్ణన్ సిన్హా పైన, రామానంద చటర్జీ పైన 1,00,000 రూపాయలకు పరువునష్టం దావా వేసాడు. రెండు వ్యాజ్యాలు నాలుగు సంవత్సరాలు నడిచాయి. 1933 మే నెలలో ఇరుపక్షాల మధ్య రాజీ కుదిరింది. పరస్పర ఆరోపణలు, వ్యాజ్యాలు ఉపసంహరించబడ్డాయి. రాజీ షరతులు బహిరంగం కాలేదు. న్యాయస్థానం తీర్పు చెప్పకుండానే వివాదం ముగియడంతో, ఆరోపణ నిరూపితం కాలేదు, నిరాధారమని తేలనూ లేదు. సిన్హా గ్రంథం 1934లో లండనులో పుస్తకంగా ప్రచురించబడింది. తరువాతి కాలంలో సిన్హా భారతీయ తత్వశాస్త్ర చరిత్రపై అనేక సంపుటాలు రాసాడు.

ఆనాటి చట్టం

ఈ వ్యాజ్యం నాటికి దేశంలో 1914 నాటి భారత గ్రంథస్వామ్య చట్టం అమలులో ఉంది. ఇది 1911 నాటి బ్రిటిషు చట్టాన్ని కొన్ని మార్పులతో భారతదేశానికి వర్తింపజేసింది. రచయిత జీవితకాలం, ఆపైన యాభై సంవత్సరాలు హక్కు ఉండేది. భారతదేశంలో తొలిసారి ప్రచురితమైన గ్రంథానికి పదేళ్ళలోగా ఒక భాషలోకి అధికారిక అనువాదం రాకపోతే, ఆ భాషలోకి ఎవరైనా అనువదించుకొనే వీలుండేది. సొంత అధ్యయనానికి, పరిశోధనకు, విమర్శకు గ్రంథాన్ని న్యాయమైన మేరకు వాడుకోవడం ఉల్లంఘన కాదు.

ప్రాచీన సంస్కృత మూలాలు ఎవరి సొత్తూ కావు. వాటిలోని భావాలపై ఎవరికీ గుత్తాధికారం లేదు. అయితే ఒక పండితుడు శ్రమించి చేసిన అనువాదం, చేకూర్చిన వ్యాఖ్య ఆయన సొంత రచన అవుతాయి. అచ్చుకాని సిద్ధాంత వ్యాసానికి కూడా చట్టరక్షణ ఉంటుంది. కలకత్తా వివాదమంతా ఈ సరిహద్దు చుట్టూ తిరిగింది. విద్యార్థి వ్యాసం ముందుగా ఆచార్యుని చేతికే వెళ్ళడం విశ్వవిద్యాలయ పద్ధతి. కనుక ఇలాంటి వివాదంలో విద్యార్థికి తన శ్రమఫలం, ఆచార్యునికి తన పేరు పణంగా నిలుస్తాయి.

ఆ దశకంలోనే బొంబాయి నుండి ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్ళిన మాక్మిలన్, కూపర్ వ్యాజ్యం కూడా విద్యార్థుల పుస్తకానికి సంబంధించినదే. విశ్వవిద్యాలయ పరీక్షార్థుల కోసం ప్లూటార్క్ రచన పాత ఆంగ్లానువాదాన్ని కుదించి వేసిన పుస్తకం అది. కుదించిన పాఠంపై కొత్త హక్కు ఏర్పడదని, ప్రచురణకర్తలు చేర్చిన వివరణలకు మాత్రం హక్కు ఉంటుందని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడ కేంద్రంగా స్థాపించబడి, తరువాత వాల్తేరుకు మారింది. ప్రభుత్వ అణచివేత విధానానికి నిరసనగా మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1930లో రాజీనామా చేసాడు. 1931లో రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఎన్నికయ్యాడు. అదే సంవత్సరం బ్రిటిషు ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. స్వాతంత్ర్యానంతరం ఆయన ఆ బిరుదును వాడలేదు.

అప్పటివరకు తెలుగు జిల్లాల విద్యార్థులు ఉన్నత పరిశోధనకు మద్రాసు, కలకత్తా వంటి నగరాలకు పోవలసి వచ్చేది. రాధాకృష్ణన్ పదవీకాలంలో వాల్తేరులో ఆనర్సు, పరిశోధన స్థాయి విభాగాలు బలపడ్డాయి. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి, ఇతర శాఖలలో హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ వంటి యువకులను ఆయన అక్కడికి రప్పించాడు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఇచ్చిన భూరి విరాళంతో విజ్ఞానశాస్త్ర, సాంకేతిక కళాశాల ఏర్పడింది. 1933లో ఠాగూర్ విశ్వవిద్యాలయానికి వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. 1936లో రాధాకృష్ణన్ పదవి విడిచిన తరువాత రామలింగారెడ్డి తిరిగి ఉపకులపతి అయ్యాడు.

ఆక్స్‌ఫర్డు, కాశీ

1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాలకు సంబంధించిన స్పాల్డింగ్ ఆచార్య పీఠం రాధాకృష్ణన్‌కు లభించింది. 1952 వరకు ఆయన ఈ పదవిలో ఉన్నాడు. మదనమోహన మాలవీయ కోరికపై 1939లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని స్వీకరించి 1948 వరకు నిర్వహించాడు. 1942 క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో ప్రభుత్వం ఈ విశ్వవిద్యాలయంపై కక్ష వహించింది. ఆ సమయంలో సంస్థను తిరిగి నడిపించడానికి, దానిని ప్రభుత్వ స్వాధీనం కాకుండా కాపాడడానికి రాధాకృష్ణన్ ప్రయత్నించాడు.

విశ్వవిద్యాలయ విద్యా కమిషను

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948 నవంబరులో, భారత ప్రభుత్వం రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషనును నియమించింది. దీనిని రాధాకృష్ణన్ కమిషను అని కూడా అంటారు. జాకీర్ హుస్సేన్, తారాచంద్, మేఘనాథ్ సాహా, ఎ.లక్ష్మణస్వామి మొదలియార్ వంటి స్వదేశీయులతో పాటు బ్రిటన్, అమెరికాలకు చెందిన విద్యావేత్తలు ఇందులో సభ్యులు. కమిషను 1949 ఆగస్టులో నివేదిక సమర్పించింది. దాని ముఖ్య సిఫారసులు:

- విశ్వవిద్యాలయ ప్రవేశానికి ముందు పన్నెండేళ్ళ చదువు, ఆపైన మూడేళ్ళ డిగ్రీ.
- పరీక్షల రోజులు కాక ఏటా కనీసం 180 పనిదినాలు.
- బోధనా విశ్వవిద్యాలయంలో 3,000, అనుబంధ కళాశాలలో 1,500 మందికి మించకుండా విద్యార్థుల సంఖ్య.
- ప్రతిభ గల పేద విద్యార్థులకు విరివిగా విద్యార్థి వేతనాలు.
- ఏ కోర్సుకూ నిర్దిష్ట పాఠ్యపుస్తకం విధించకపోవడం.
- గ్రంథాలయాలకు ఎక్కువ వార్షిక నిధులు, ఎక్కువ పనిగంటలు, విద్యార్థులు అల్మారాల వద్దకు స్వయంగా వెళ్ళి పుస్తకాలు తీసుకొనే పద్ధతి.
- ఉన్నత విద్యలో ఆంగ్లం స్థానంలో క్రమంగా భారతీయ భాషలు.
- గ్రామీణ విశ్వవిద్యాలయాల స్థాపన.
- విశ్వవిద్యాలయాలకు నిధులు పంచడానికి ఒక స్వతంత్ర సంఘం.

వీటిలో చివరిది త్వరగా ఆచరణలోకి వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1953 డిసెంబరులో ప్రారంభమై 1956లో చట్టబద్ధత పొందింది. విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చాలన్న సూచన 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో నెరవేరింది. భారతీయ భాషలలో బోధనకు తగిన గ్రంథాలు లేని కొరత మాత్రం చాలాకాలం మిగిలింది. తెలుగులో ఈ లోటు తీర్చడానికి 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమి ఏర్పడింది. పాఠ్యపుస్తకం విధించరాదన్న సిఫారసు కాగితం మీదనే నిలిచిపోయింది. ఒకే పుస్తకం బట్టీపట్టి పరీక్ష రాసే అలవాటును మాన్పించి విద్యార్థిని గ్రంథాలయానికి పంపాలన్నది దాని ఉద్దేశం. అందుకు తగినన్ని పుస్తకాలు గాని, వాటిని కొనే నిధులు గాని చాలా కళాశాలలలో లేవు.

యునెస్కో, పార్లమెంటు

1946 నుండి రాధాకృష్ణన్ యునెస్కోలో భారత ప్రతినిధిగా పనిచేసాడు. 1948–49లో ఆ సంస్థ కార్యనిర్వాహక మండలికి, 1952లో సర్వసభ్య సమావేశానికి అధ్యక్షుడయ్యాడు. 1952లోనే యునెస్కో ఆధ్వర్యంలో జెనీవాలో సార్వత్రిక గ్రంథస్వామ్య ఒడంబడిక కుదిరింది. భారతదేశం తరువాత అందులో చేరింది. 1949 నుండి 1952 వరకు రాధాకృష్ణన్ సోవియట్ యూనియనులో భారత రాయబారిగా ఉన్నాడు.

1952లో ఉపరాష్ట్రపతి కావడంతో హోదారీత్యా రాజ్యసభ అధ్యక్షుడయ్యాడు. స్వతంత్ర భారతదేశపు గ్రంథస్వామ్య బిల్లు 1955లో రాజ్యసభలోనే ప్రవేశపెట్టబడింది. రచయిత మరణానంతర హక్కును యాభై నుండి ఇరవై ఐదు సంవత్సరాలకు తగ్గించాలని తొలి బిల్లు ప్రతిపాదించింది. సంయుక్త సంఘం యాభై సంవత్సరాలనే కొనసాగించాలని సూచించడంతో 1957 చట్టంలో అదే నిలిచింది. ఉపాధ్యాయుడు బోధనలో భాగంగా, లేదా పరీక్షలో ప్రశ్నగా, జవాబుగా గ్రంథభాగాలను ప్రతి తీయడం ఉల్లంఘన కాదని 52వ సెక్షను చెప్పింది. చట్టం 1958 జనవరి 21 నుండి అమలులోకి వచ్చింది.

రాష్ట్రపతి పదవి, చివరి రోజులు

1954లో రాధాకృష్ణన్‌కు భారతరత్న పురస్కారం లభించింది. 1962 మే 13న రాష్ట్రపతి పదవి చేపట్టాడు. చైనా యుద్ధం (1962), నెహ్రూ, లాల్ బహదూర్ శాస్త్రి మరణాలు (1964, 1966), పాకిస్తాన్ యుద్ధం (1965) ఆయన పదవీకాలంలోనే జరిగాయి. పుట్టినరోజు జరుపుతామని శిష్యులు, మిత్రులు కోరినపుడు ఆ రోజును ఉపాధ్యాయుల గౌరవార్థం జరపమని ఆయన సూచించాడు. 1962 నుండి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైంది. 1967లో పదవీ విరమణ చేసి మద్రాసులో నివసించాడు. 1968లో సాహిత్య అకాడమీ మొట్టమొదటి ఫెలోషిప్ ఆయనకు ఇచ్చింది. 1975లో టెంపుల్టన్ బహుమతి లభించగా, ఆ సొమ్మును ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో మరణించాడు.

అనంతర పరిణామాలు

రాధాకృష్ణన్ జీవితంలో ఎదురైన రెండు ప్రశ్నలు, అనగా రచయిత హక్కు ఎంతవరకు, విద్యార్థికి పుస్తకం ఎలా అందాలి అన్నవి, ఆయన తరువాత కూడా కొనసాగాయి. కొత్తగా స్వతంత్రమైన దేశాలకు విద్యావసరాల కోసం విదేశీ గ్రంథాల అనువాదంలో, పునర్ముద్రణలో వెసులుబాటు ఉండాలని 1967 స్టాక్‌హోమ్ సమావేశంలో భారతదేశం గట్టిగా వాదించింది. ధనిక దేశాల ప్రచురణకర్తల వ్యతిరేకత వలన 1971లో పారిస్‌లో కొంత తగ్గించిన రూపంలో ఆ వెసులుబాటు అంగీకరించబడింది. దానికి అనుగుణంగా 1983లో భారత చట్టం సవరించబడింది. 1992లో రచయిత మరణానంతర హక్కు అరవై సంవత్సరాలకు పెరిగింది.

2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయాలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఢిల్లీ విశ్వవిద్యాలయం పైన, అందులోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం పైన వ్యాజ్యం వేసాయి. పాఠ్యాంశాలకు అవసరమైన అధ్యాయాలను వివిధ గ్రంథాల నుండి నకలు తీసి విద్యార్థులకు ఇవ్వడం వారి అభ్యంతరం. బోధనలో భాగంగా అవసరమైన మేరకు ప్రతులు తీయడాన్ని చట్టంలోని 52వ సెక్షను అనుమతిస్తుందని 2016లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2017లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యానికి నిరాకరించింది.

రాధాకృష్ణన్ సొంత రచనలపై హక్కు భారత చట్టం ప్రకారం 2035 చివరి వరకు ఉంటుంది. 2036 జనవరి నుండి, ఆయన జీవితకాలంలో వెలువడిన గ్రంథాలను దేశంలో ఎవరైనా స్వేచ్ఛగా ముద్రించుకోవచ్చు, అనువదించుకోవచ్చు. నెల్లూరు జిల్లా విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, సర్వేపల్లి ఉన్న వెంకటాచలం మండలంలోనే ఉంది.

ముఖ్య రచనలు

- ది ఫిలాసఫీ ఆఫ్ రవీంద్రనాథ్ టాగోర్ (1918)
- ది రీన్ ఆఫ్ రిలీజియన్ ఇన్ కాంటెంపరరీ ఫిలాసఫీ (1920)
- ఇండియన్ ఫిలాసఫీ, రెండు సంపుటాలు (1923, 1927)
- ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్ (1927)
- యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్ (1932)
- ఈస్టర్న్ రిలీజియన్స్ అండ్ వెస్టర్న్ థాట్ (1939)
- ది భగవద్గీత, అనువాదం, వ్యాఖ్య (1948)
- ది ప్రిన్సిపల్ ఉపనిషద్స్ (1953)